పటము పంపిన చాలదు, పట్టిక కూడ పంపవలెను

పుంగనూరులో ఒక ఉద్యోగి చెరువుల, బోరు బావుల పటమును కంప్యూటరులో తయారు చేసి మదనపల్లెకు, కుప్పానికి పంపినాడనుకొందాము. అక్కడ తెరచిన వారికి చుక్కలు కనబడును గాని, ఏ చుక్క ఎవరి బావియో, లోతెంతో, ఏ సర్వే నెంబరులో ఉన్నదో కనబడదు. మీ కంప్యూటరే బాగా లేదని పంపినవారు, మీరే సరిగా పంపలేదని అందుకొన్నవారు వాదులాడుకొందురు. ఇట్టి తగవులలో తప్పు చాలవరకు పంపినవారిదే అని నా అభిప్రాయము.

గ్రామ దస్త్రములు ఎరిగిన మీకు దీని కారణము సులభముగా బోధపడును. 1984లో రద్దయిన కరణీకపు రోజులు తలచుకొనండి. పొలముల కొలతల పుస్తకములో గట్లు, రాళ్లు, కొలతలు ఉండేవి. సాగుదారు పేరు, పైరు, నీటి ఆధారము అడంగలులో ఉండేవి. మొదటిది ఇచ్చి రెండవది ఇవ్వకపోతే చేతికి వచ్చేది గీతలే. షేప్ ఫైలు అనునది కూడ ఇట్టిదే. పేరుకు ఒక్కటి, నిజానికి కొన్ని ఫైళ్ల కట్ట. ఎస్.హెచ్.పి. అనునది గీతలు, డి.బి.ఎఫ్. అనునది అడంగలు వంటి పట్టిక, ఎస్.హెచ్.ఎక్స్. ఆ గీతలకు సూచిక. భూమి మీద ఏ లెక్కన కొలిచినారో చెప్పేది పి.ఆర్.జె. ఈ చివరిది లేనందున కుప్పం బావులు ఆఫ్రికా పడమటి సముద్రములో తేలుట కలదు! చూచినవారు నవ్వుదురు గాని, అది మేలే. తప్పు వెంటనే తెలిసిపోవును. పట్టిక పోయిన పటము మాత్రము చూపునకు బాగానే ఉండి మోసగించును.

పట్టిక వచ్చినను సరిగా రాకపోవచ్చును. షేప్ ఫైలులో గడి పేరు పది అక్షరములు మించరాదు. తెలుగులో పెట్టిన ఇంకను ముందే తెగును. 2020లో మొదలైన రీసర్వే తరువాత పాత నెంబరు, కొత్త నెంబరు రెండూ వ్రాసుకొనవలసి వచ్చినది. పొడుగాటి పేర్లు తెగి రెండు గడులు ఒకే తీరుగా కనబడిన, ఏది పాతదో చెప్పుట ఎవరి తరము? తెలుగు పేర్లు ప్రశ్నార్థకములుగా మారుట కూడ కద్దు. క్యూ.జి.ఐ.ఎస్. వాడువారు ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పంపి ఊరకుందురు. అందులో సాధారణముగా లేయర్లు ఉన్న చోటు మాత్రమే ఉండును, లేయర్లు ఉండవు. ఇల్లు పంపమంటే చిరునామా పంపినట్లు.

ఇది కంప్యూటరు వారి గొడవ అని రైతులు అనుకొనరాదు. మన పడమటి మండలాలలో వాన తక్కువ, బోరే చాలామందికి దిక్కు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము కొత్త బోరునకు అనుమతి కావలెను. పటములో మీ బావి జారిపోయిన, దాని పక్కనే మరొక బోరునకు అనుమతి దొరకవచ్చును. లోతు గడి ఖాళీగా ఉన్నచోట సున్న వేయుట అంతకన్న చెడ్డది. ఖాళీ అనగా తెలియదని. సున్న అనగా కొలిచి చూచితిమని.

నా సలహా ఏమనగా, షేప్ ఫైలు మాని జియోప్యాకేజి వాడండి. 2014 నుండి అంతర్జాతీయ ప్రమాణముగా ఉన్నది, ఉచితము, అంతయు ఒక్క ఫైలులోనే ఇమిడిపోవును, పది అక్షరముల బాధ లేదు. షేప్ ఫైలే పంపవలసి వచ్చిన, ఒకే పేరు గల ఫైళ్లన్నిటిని మూట కట్టి పంపండి. ఎగుమతి చేయునప్పుడు ఎంచుకొన్నవి మాత్రమే అనుచోట గుర్తు ఉండిపోయినదేమో చూడండి. కొన్ని బావులు వచ్చి కొన్ని రాకపోవుటకు అదొక కారణము. చుక్కలెన్ని, గడులెన్ని అని ఒక చీటీ జతపరచండి. అందుకొన్నవారు లెక్క సరిచూచిన పిమ్మటనే అందినట్లు వ్రాయవలెను.

రైతు సోదరులారా, మీ గ్రామ సర్వేయరు వద్దకో, వ్యవసాయ సహాయకుని వద్దకో వెళ్లినప్పుడు పటములో మీ బావి చుక్కను నొక్కి చూపమనండి. మీ పేరు, సర్వే నెంబరు, లోతు రానిచో ఆ పూటనే చెప్పండి. అసలు పట్టిక పుంగనూరు కంప్యూటరులో ఇంకను ఉండవచ్చును.