శరత్కాలమున నవదంపతుల విదేశయాత్ర

శ్రావణమున మంగళసూత్రధారణము జరిగిన జంటలును, కార్తీకమున జరుగనున్న జంటలును మన పట్టణములలో నేడు ఒకే విషయమును తర్కించుకొనుచున్నారు. ఆఫీసువారు దయతలచి మంజూరుచేసిన ఆఱేడు దినముల సెలవులో ఏ దేశమునకు పోయి రావలెనన్నదే ఆ తర్కము. తండ్రుల కాలమున హనీమూన్ అన్నది ఊటీ, కొడైకెనాల్ దాటి పోలేదు. అదియును కొందఱికే లభించినది. నేటి సామాన్యోద్యోగి బాలి యనియు, మాల్దీవులనియు, స్విట్జర్లాండనియు పలుకుచున్నాడు. కష్టార్జితమును యౌవనమున కొంత వ్యయము చేసికొనుటలో ఆక్షేపింపదగిన దేమియు నాకు గోచరింపదు. నా ఆక్షేపణ యంతయు యాత్రను నిర్ణయించు తీరును గూర్చియే.

ఆ తీరెట్టిదనగా, మొదట బావమరది ఒక ప్యాకేజీ కాగితమును తెచ్చును. అందు అయిదు రాత్రులకు మూడు నగరములు, రెండు దీవులు, ఒక జంతుప్రదర్శనశాల, రెండు షాపింగ్ మాల్‌లు కూర్పబడియుండును. అంత తక్కువ రుసుముతో అన్ని స్థలములు చూపుచున్నారుగదా యని ఇంటిల్లిపాది సంతసింతురు. రాకపోకలకును, విమానాశ్రయములలోని నిరీక్షణమునకును రెండు దినములు పోగా మిగిలిన నాలుగు దినములలో ప్రతి ఉదయమును పెట్టెలు సర్దుకొని, ఆఱు గంటలకే బస్సెక్కి, అపరిచితులైన ముప్పది మందితో గూడి గైడు జెండా వెంట నడచు దంపతులు ఒకరితో ఒకరు నిదానముగా మాటలాడుకొనుట కెన్ని గంటలు మిగులునో ఎవ్వరును లెక్కింపరు. నిశ్చితార్థము మొదలుకొని ఫోనులో తప్ప ఏకాంతమెఱుగక, పెండ్లింట బంధుజనసమ్మర్దమున ఊపిరాడక గడపిన ఆ యిరువురికి కావలసినది విశ్రాంతితో గూడిన పరస్పరపరిచయము. అది యొక్క ఊరిలో, ఒక్క బసలో, ప్రొద్దెక్కువఱకు నిద్రించుటకు వీలున్నచోట లభించునే కాని, పరుగులలో లభింపదు. సెలవు స్వల్పమైనప్పుడు ఊరు ఒక్కటే కావలెనన్నది నా దృఢమైన అభిప్రాయము.

ఆ యొక్క ఊరు ఏది? ఇచ్చట ధరలకన్న ముందు చూడవలసినది ఋతువు. శరత్తు అనగానే నిర్మలాకాశమును, పండువెన్నెలను భావించుట మనకు అలవాటు. బంగాళాఖాతమున మాత్రము ఆశ్వయుజ కార్తీకములు తుపానుల మాసములు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకి, అచ్చటి విమానాశ్రయమును సైతము ధ్వంసము చేసిన సంగతి తీరవాసులు మఱవలేదు. నైరుతి వెనుదిరిగి ఈశాన్యము చొచ్చుకొనివచ్చు ఆ సంధికాలమున ఆసియా యందలి ఒక్కొక్క తీరమునకు ఒక్కొక్క ధర్మము. థాయిలాండులో పడమటి తీరమునగల ఫుకెట్, క్రాబీలు అక్టోబరు చివరివఱకు వానలలో తడిసి, నవంబరునుండి క్రమముగా తేఱుకొనును. అదే దేశమున తూర్పు దిక్కునగల సముయి దీవికి సరిగా అప్పుడే వర్షములు ప్రబలును. వియత్నాం మధ్యతీరమున హొయ్ ఆన్ పట్టణపు వీధులు అక్టోబరు, నవంబరు మాసములలో పలుమాఱు జలమయమగుచుండును. శ్రీలంకలో మధ్యాహ్నములు ఉఱుములతోడి జల్లులు తఱచు. మాల్దీవులకు పొడి ఋతువు డిసెంబరు ముగియునప్పటికి గాని స్థిరపడదు. ఈ భేదములను ప్యాకేజీ కాగితము చెప్పదు. "ఆఫ్ సీజన్ డిస్కౌంటు" అని మాత్రము పెద్ద యక్షరములతో చెప్పును.

అక్టోబరులో బయలుదేఱువారికి నేను నిస్సంకోచముగా సూచించునది బాలి. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే దాని ఋతుక్రమము వేఱు. ఏప్రిల్ మొదలు అక్టోబరు వఱకు అచ్చట పొడికాలము, వానలు సాధారణముగా నవంబరులో ఆరంభమగును. హైదరాబాదునుండి సింగపూరు గాని కౌలాలంపూరు గాని చేఱి విమానము మాఱవచ్చును. భారతీయులకు దిగినచోటనే వీసా లభించును. దాని రుసుము 5 లక్షల రుపయ్యాలు. 2024 ఫిబ్రవరినుండి విదేశీయులు చెల్లించవలసిన దీవి పన్ను మఱియొక లక్షా యేబదివేలు. అంకెలను చూచి గుండె బాదుకొన నక్కఱలేదు. వారి రుపయ్యా మన రూపాయికంటె ఎంతయో చిన్నది.

అచ్చటను సముద్రతీరపు సందడిని విడిచి, దీవి నడుమనున్న ఉబుద్‌లో బస చేయుట మేలని నా తలంపు. గోదావరి డెల్టాలో పుట్టినవారికి వరిచేను వింత కాదు గాని, కొండవాలును మెట్లుమెట్లుగా మలచి, పైమడినుండి క్రిందిమడికి నీటిని వంతులవారీగా దింపు ఆ సేద్యమును చూచినపుడు మన రైతుబిడ్డ కూడ నిలిచి చూడక తప్పదు. నీటి పంపకమును జలదేవాలయముల పూజాక్రమముతో ముడివెట్టి, రైతుసంఘములు తమలో తాము నడపుకొను ఆ వ్యవస్థకు సుబక్ అని పేరు; యునెస్కో 2012లో దానిని ప్రపంచవారసత్వముగా గుర్తించినది. జతిలువిహ్ గ్రామమున ఆ మడులగట్ల వెంట ఒక పూటంతయు నడవవచ్చును. మఱియొక సాయంకాలము ఉలువతు కొండకొమ్మున, అస్తమించు సూర్యునికెదురుగా, వాద్యమొక్కటియు లేక కేవలము పురుషుల కంఠధ్వనులతో సాగు కెచక్ రామాయణమును చూడవచ్చును. సీతాపహరణ ఘట్టము తెలుగువానికి అర్థము కానిచో అది నటుల దోషము కాదు. ఈ రెండును చూచిన పిదప మిగిలిన దినములు ఏమియు చూడకున్నను నష్టము లేదు.

ఐరోపాను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. మన సినిమాలలో యుగళగీతములకు స్విట్జర్లాండు నెలవైనప్పటినుండి ఆ మంచుకొండలపై మక్కువ మనకు పాతుకొనిపోయినది. నవంబరులో అచ్చట అనేకచోట్ల కేబుల్‌కార్లు వార్షికమైన మరమ్మతులకై నిలిపివేయబడును, సాయంకాలము అయిదు దాటకముందే చీకటి పడును. షెంగెన్ వీసాకు వ్రేలిముద్రలు, 30 వేల యూరోలకు తగ్గని వైద్యబీమా, సామాన్యముగా 15 దినముల పరిశీలన, ఒక్కొక్కప్పుడు 45 దినముల నిరీక్షణ తప్పవు. నెల దినములలో లగ్నము పెట్టుకొను మన యిండ్లకు అది పొసగదు. నవంబరు రెండవ పక్షమున సెలవు దొరికి, ధనమును కొంత మిగిలియున్నవారు జపానులోని క్యోటో నగరమున మేపుల్ చెట్ల యెఱ్ఱని ఆకులను చూడబోవుట అంతకన్న ఉచితము.

కాగితముల విషయమున ఒక్క హెచ్చరిక. పెండ్లియైన మఱునాడే వధువునకు క్రొత్త ఇంటిపేరు తగిలించి టికెట్టు కొను ఉత్సాహవంతులైన మఱదులున్నారు. టికెట్టుపై నుండవలసినది పాస్‌పోర్టులోని పేరే గాని శుభలేఖలోనిది కాదు. వివాహానంతరము పాస్‌పోర్టులో పేరు మార్చుకొనవలెనన్న నిర్బంధమును లేదు. ఇంటిపేరును పొడి అక్షరముగా వ్రాసికొను మన ఆచారమువలన అనేకుల పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి శూన్యముగా నుండును. అట్టి ఏకనామధారులను పర్యాటక వీసాపై రానీయమని ఐక్య అరబ్బు ఎమిరేట్లు 2022 నవంబరులో ప్రకటించినది. విదేశయాత్రా ప్యాకేజీపై అమ్మువారు ముందుగనే వసూలుచేయు టీసీఎస్ అను పన్ను ఎవరి పాన్ నంబరుపై జమయగునో వారికే ఆదాయపు పన్ను రిటర్నులో కలిసివచ్చును గనుక, కొనువారెవరో ముందే నిశ్చయించుకొనవలెను.

అన్నిటికన్న చిక్కైన భాగము పండుగలు. తెలంగాణమున తొలి బతుకమ్మకు కూఁతురు పుట్టింట లేకున్న తల్లి మనస్సు ఒప్పదు. తొలి దసరాకు అల్లుని రాక తప్పనిసరి. కోస్తాలో అట్లతద్దె నోము, పిమ్మట దీపావళి. వీనిని ఎగవేసి పోవుటను నేను సమర్థింపను, అవసరమును లేదు. అట్లతద్దెకును దీపావళికిని నడుమ ఇంచుమించు పండ్రెండు దినములును, దసరాకును దీపావళికిని నడుమ ఇరువది దినములును కలవు. బాలికి పోయి వచ్చుటకు అవి చాలును. వచ్చిన మఱునాడే ఆఫీసునకు పరుగిడక, ఒక దినము సెలవు మిగుల్చుకొనవలెను.

పెద్దలకు నాదొక విన్నపము. చదివింపులలో ఇంకొక వెండి కుందిని గాని, మూలబడు మిక్సీని గాని ఈయక, అన్నదమ్ములు కలసి టికెట్లు కొనిపెట్టుడు. ఊరును మాత్రము ఆ యిద్దఱినే ఎన్నుకొననిండు. వారచ్చట నున్న దినములలో పూటపూటకు వీడియో కాల్ చేయకుడు.