నొప్పులు ఓర్చుకో, లేదంటే కోయించుకో: మూడు జిల్లాల తల్లులకు మూడో దారి లేదా?

మా చెల్లెకు ఇప్పుడు ఎనిమిదో నెల. మొన్న ఫోన్ చేసి, "అక్కా, నడుములో సూదేస్తే ఇగ బతికినన్ని రోజులు నడుము నొప్పేనట గదా?" అని అడిగింది. ఆమె అడిగింది సిజేరియన్‌కు ముందు ఇచ్చే మత్తు సూది గురించి. మా వాడలో ఈ పదేళ్లలో కాన్పయిన ఆడవాళ్లలో చాలామందికి ఆ సూది పడింది. వాళ్లలో నడుము పట్టుకుని తిరగని మనిషి అరుదు. నార్మల్ కాన్పులోనే నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ అనే పద్ధతి ఒకటి ఉందని ఆమెకు చెప్పాను. కాసేపు ఆగి, "అది మనసొంటోళ్లకు ఇస్తరా?" అంది.

చెల్లె అడిగిన మొదటి ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర జవాబు ఉంది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది సర్కారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎపిడ్యూరల్ గురించి మాట్లాడాలంటే ఈ రెండింటినీ కలిపే చూడాలి.

రెండు సూదులు, ఒకే భయం

మన దగ్గర 'వెన్నులో సూది' అనే ఒక్క మాటతో రెండు వేర్వేరు పద్ధతులను పిలుస్తున్నారు. సిజేరియన్‌కు ఎక్కువగా ఇచ్చేది స్పైనల్. సన్నని సూదితో వెన్నెముక లోపలి ద్రవంలోకి మందు ఒక్కసారే ఎక్కిస్తారు. రొమ్ముల కింది నుంచి కాళ్ల దాకా కొన్ని గంటలు మొద్దుబారుతుంది. ఎపిడ్యూరల్ అలా కాదు. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి, ఆ ద్రవం ఉన్న పొర బయటే వెంట్రుకలాంటి సన్నని గొట్టం పెడతారు. నొప్పులు ఉన్నంతసేపు దాని ద్వారా తక్కువ మోతాదులో మందు పంపుతారు. తల్లి మెలకువగానే ఉంటుంది, బిడ్డను తనే కంటుంది. నొప్పి మాత్రం బాగా తగ్గుతుంది.

మా బంధువుల్లో స్పైనల్ తీసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. నొప్పుల కోసం ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లు ఒక్కరూ నాకు ఇంతవరకు తగల్లేదు. అంటే మన వాళ్లు ఎపిడ్యూరల్‌ను చూసి భయపడటం లేదు, దాన్ని చూసిందే లేదు. కోత కోసం వేసిన సూది మిగిల్చిన భయాన్ని దీనికీ అంటగడుతున్నారు.

భయాల్లో నిజమెంత

నడుము నొప్పి సంగతే ముందు చూద్దాం. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లను, తీసుకోనివాళ్లను పోల్చిన ప్రయోగాలన్నింటినీ కలిపి 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. దీర్ఘకాలం ఉండే నడుము నొప్పిలో రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. ఎపిడ్యూరల్ వల్ల సిజేరియన్లు పెరుగుతాయన్న భయానికీ అందులో ఆధారం దొరకలేదు. సూది గుచ్చినచోట కొన్ని రోజులు సలపడం మాత్రం మామూలే.

మరి మన ఆడవాళ్ల నడుము నొప్పి అబద్ధమా? కానే కాదు. కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు తర్వాత నడుము బలహీనపడుతుంది. ఆ నడుముతోనే జనగామలో పత్తి చేనుకు, మహబూబాబాద్‌లో మిరప తోటకు కూలికి పోవాలి. పచ్చి బాలింత వంగి నాట్లు వేయాలి, నీళ్లబిందెలు మోయాలి. నొప్పి నిజం, కానీ నేరం మాత్రం సూది మీద పడింది. విశ్రాంతి ఇవ్వని కూలి, కూలీ జీతం కట్టివ్వని వ్యవస్థ తప్పించుకున్నాయి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్ మాట్లాడింది సరిగ్గా ఈ విషయమే. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకాలని, ఆ భారంలో ప్రభుత్వం పాలు పంచుకోవాలని ఆయన వాదించాడు. మన పొలాల్లో పనిచేసే తల్లికి ఆ విశ్రాంతి ఇప్పటికీ అందలేదు.

ఎపిడ్యూరల్‌కు నిజమైన ప్రమాదాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. బ్రిటన్‌లో ప్రసూతి మత్తు వైద్యుల సంఘం గర్భిణులకు ఇచ్చే సమాచార పత్రం వాటిని అంకెలతో సహా చెబుతుంది. 50 మందిలో ఒకరికి బీపీ బాగా పడిపోతుంది. 100 మందిలో ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది. ఎనిమిది మందిలో ఒకరికి నొప్పి చాలినంత తగ్గదు. ఆరు నెలలు దాటినా తగ్గని నరాల దెబ్బ సుమారు 13,000 మందిలో ఒకరికి, పక్షవాతం లాంటి ఘోరం రెండున్నర లక్షల మందిలో ఒకరికి జరగొచ్చు. జ్వరం, వణుకు, దురద, మూత్రం ఆగడం, కాళ్లు బరువెక్కడం కూడా ఉంటాయి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ ఉన్నవాళ్లకు, రక్తం గడ్డకట్టని సమస్య ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు.

ఇవి మత్తు డాక్టరు పక్కనే ఉండి, నర్సు వెంటవెంటనే బీపీ, బిడ్డ గుండె చప్పుడు చూసే చోటి అంకెలు. బీపీ పడిపోవడాన్ని నిమిషాల్లో గుర్తిస్తే సెలైన్‌తో, మందుతో సరిచేస్తారు. గుర్తించే మనిషే లేకపోతే అదే ప్రాణాల మీదికి వస్తుంది. కాబట్టి "ఎపిడ్యూరల్ మంచిదా, చెడ్డదా?" అని ఊరికే అడిగితే లాభం లేదు. రాత్రి రెండు గంటలకు ఆ ప్రసవ గదిలో ఎవరుంటారని అడగాలి.

భయం మూఢత్వం కాదు

దళిత, ఆదివాసీ ఆడవాళ్లు సూదికి భయపడితే 'అవగాహన లేదు' అని తేల్చేయడం ఆసుపత్రులకు అలవాటు. కానీ ఆ భయం అనుభవం నుంచి వచ్చింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు తల్లులు చనిపోయారు. అది వరుసపెట్టి జనాన్ని పడుకోబెట్టే పద్ధతి. ఆ వార్త విన్న ఏ పేద తల్లయినా ఆసుపత్రి సూదిని ఎందుకు నమ్మాలి?

నా కాన్పు ఒక ఆసుపత్రిలో అయింది, పేరు అవసరం లేదు. నొప్పుల మధ్య ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఏం రాసుందో చదివి చెప్పినవాళ్లు లేరు. అరిస్తే, "కూలి చేసే ఒళ్లే గదా, ఇంత ఓర్సుకోలేవా?" అన్నారు. నేను పీహెచ్‌డీ చేస్తున్నానని వాళ్లకు తెలియదు. తెలిస్తే మాట మారేదేమో, కానీ నా పక్క మంచం మీద ఉన్న లంబాడా తల్లికి ఆ అవకాశం కూడా లేదు. కారణం చెప్పకుండా వేసిన సూది, మందు మంచిదైనా సరే, భయాన్నే మిగులుస్తుంది.

60.7 శాతం వెనుక

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, సర్కారు దవాఖానల్లో 44.5 శాతం. జనాభా మొత్తంగా చూస్తే సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గడంతో వాటికి సంబంధం కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఈ కోతలకు పాలకులు చెప్పే కారణాలు మనకు కంఠోపాఠమే: ముహూర్తాల పిచ్చి, ప్రైవేటు కాసుల కక్కుర్తి, నొప్పులు ఓర్చుకోలేని ఈ కాలం ఆడపిల్లలు. మొదటి రెండింటిలో నిజముంది. మూడోది ఆడపిల్లల మీద నింద. నొప్పికి మందు ఇవ్వని చోట నొప్పికి భయపడి కోతకు ఒప్పుకోవడం తప్పెలా అవుతుంది? ఒక చేత్తో సిజేరియన్లు తగ్గించాలని లక్ష్యాలు పెట్టి, ఇంకో చేత్తో నొప్పి గురించి ఒక్క మాట మాట్లాడకపోతే, ఆ లక్ష్యాల బరువంతా ప్రసవ గదిలో పడుకున్న పేద తల్లి మీదే పడుతుంది. డబ్బున్నవాళ్లకు హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో 'పెయిన్‌లెస్ డెలివరీ' ప్యాకేజీ ఉంది. మన వాళ్లకు ఓర్పు ఉంది, లేదంటే కత్తి ఉంది.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రసవ మార్గదర్శకాల్లో, ఆరోగ్యంగా ఉన్న గర్భిణి నొప్పి తగ్గించమని కోరితే ఎపిడ్యూరల్ ఇవ్వొచ్చని స్పష్టంగా ఉంది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో స్కాట్లాండ్‌కు చెందిన 5 లక్షల 67 వేలకు పైగా కాన్పుల అధ్యయనం వచ్చింది. ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లలో కాన్పు సమయంలో, ఆ తర్వాతి ఆరు వారాల్లో వచ్చే తీవ్ర అనారోగ్యం 35 శాతం తక్కువ కనిపించింది. మందు ఒక్కటే దీనికి కారణమని అనలేం. దగ్గరుండి చూసుకోవడం కూడా కారణం కావొచ్చు. అదైనా మనకు కావాల్సిందే కదా.

ఎవరి నొప్పికి విలువ

నొప్పిని మనిషిని బట్టి తూచడం మన దేశంలోనే లేదు. 1840ల్లో అమెరికాలో మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస స్త్రీల మీద మత్తు లేకుండా పదే పదే ఆపరేషన్లు చేశాడు. ఆయన విగ్రహాన్ని న్యూయార్క్ సెంట్రల్ పార్కు నుంచి తీసేయడానికి 2018 దాకా పట్టింది. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం అధ్యయనంలో తెల్లజాతి వైద్య విద్యార్థులు, జూనియర్ డాక్టర్లలో దాదాపు సగం మంది, నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందన్న లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకదాన్ని నిజమనుకుంటున్నట్లు తేలింది. మన ప్రసవ గదుల్లో వినిపించే 'కూలి చేసే ఒళ్లు' అనే మాటకు, ఆ నమ్మకానికి తేడా ఏముంది?

మత్తు మందు మన నేలకు కొత్తది కూడా కాదు. 1888, 1889లలో నిజాం ఖర్చుతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు ప్రయోగాలు చేశాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పే రూపాబాయి ఫర్దూన్‌జీ పనిచేసింది ఈ హైదరాబాద్‌లోనే. నూట ముప్పై ఏళ్లు గడిచినా ఆ విద్య జిల్లా ప్రసవ గది దాకా రాలేదు.

అంతకాలం ఊళ్లలో నొప్పులు పట్టుకున్నది ఎవరు? చాలా ఊళ్లలో మాల, మాదిగ, చాకలి, మంగలి ఇండ్ల మంత్రసానులు. బొడ్డు కోయడం మైల పని అని వాళ్లకు అంటగట్టారు. నడుము రుద్ది, వేడినీళ్ల కాపడం పెట్టి, రాత్రంతా పక్కన కూర్చున్నది వాళ్లే. ఆసుపత్రి కాన్పులు 97 శాతానికి చేరడం మంచిదే, ప్రాణాలు నిలిచాయి. కానీ ఆ పక్కన కూర్చునే మనిషిని గది బయటే ఆపేశారు.

అడగాల్సినవి

'మత్తు డాక్టర్లు లేరు' అనే సాకు ఈ మూడు జిల్లాల్లో ఇక చెల్లదు. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మెడికల్ కాలేజీ అంటే మత్తు విభాగం తప్పనిసరి. ఆ విభాగం ఆపరేషన్ థియేటర్‌కే పరిమితం కాకుండా ప్రసవ గదికి 24 గంటలూ రావాలని అడుగుదాం. పలిమెల నుంచో, గంగారం నుంచో వచ్చే తల్లిని అర్ధరాత్రి హనుమకొండకు రెఫర్ చేయడం మందు కాదు.

రెండోది, ఏడో నెల పరీక్షల్లోనే స్పైనల్ అంటే ఏంటి, ఎపిడ్యూరల్ అంటే ఏంటి, ఏ ప్రమాదం ఎంతమందికి అన్నది తెలుగులో, లంబాడీలో, కోయలో చెప్పాలి. నొప్పుల మధ్య పెట్టించుకునే సంతకం సమ్మతి కాదు. వద్దనే హక్కు కూడా తల్లికి ఉండాలి.

మూడోది, డాక్టర్లు వచ్చేదాకా ఆగాల్సిన పని లేనివి ఉన్నాయి. తల్లి కోరిన ఆడమనిషిని తోడుగా లోపలికి రానివ్వాలని 2017లో కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమమే చెబుతుంది. నడవనివ్వడం, కూర్చోనివ్వడం, నడుము రుద్దడం, తిట్టకుండా మాట్లాడటం రూపాయి ఖర్చు లేని పనులు. రాష్ట్రం 2017 నుంచి శిక్షణ ఇస్తున్న మిడ్‌వైఫ్ నర్సులను ఈ జిల్లాల్లో నిండుగా నియమించాలి.

చెల్లెకు మళ్లీ ఫోన్ చేశాను. సూదితో జీవితాంతం నడుము నొప్పి రాదని చెప్పాను, అసలు ప్రమాదాలేంటో కూడా దాచకుండా చెప్పాను. ఈసారి పరీక్షకు పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగమన్నాను: రాత్రి మత్తు డాక్టర్ ఉంటారా? నొప్పి తగ్గించడానికి ఏమిస్తారు? మా అమ్మను లోపలికి రానిస్తారా? "అడిగితే కసురుకుంటరు అక్కా" అంది. ఆమె ఒక్కతే అడిగితే కసురుకుంటారు. అందుకే నేనూ వెంట పోతున్నాను. మూడు జిల్లాల్లో వాడవాడ నుంచీ, తండా తండా నుంచీ ఇవే ప్రశ్నలు పోవాలి.