తెరమీది వాహనం – కాలానికి సాక్షి

పూర్వకాలపు జనజీవితాన్ని తెలుసుకోవడానికి శాసనాలు, రాజుల చరిత్రలు మాత్రమే చాలవు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ సత్యాన్ని నిరూపించింది. కవులు ప్రసంగవశాత్తు పేర్కొన్న వంటలు, వస్త్రాలు, ఆటలు, ఆభరణాలు ఆయనకు చారిత్రకాధారాలయ్యాయి. ఓరుగల్లు వీథులను వర్ణించిన ‘క్రీడాభిరామం’ చరిత్ర గ్రంథం కాదు; అయినా ఆ కాలపు నగరజీవితం అందులో నిక్షిప్తమై ఉంది. ఇరవయ్యవ శతాబ్దానికి అటువంటి అప్రయత్న చరిత్ర చలనచిత్రం. పాత చిత్రంలో నాయకుని వెనుక సాగిపోయే వాహనాన్ని గుర్తుపట్టడం కాలక్షేపమని కొందరు భావించవచ్చు. కాని అదీ చరిత్ర పఠనంలో ఒక భాగమే.

స్టేషన్ వ్యాగన్ అనే బండి ఇందుకు చక్కని ఉదాహరణ. పైకప్పును చివరిదాకా సాగదీసి, వెనుకవైపు కూడ తలుపు అమర్చిన పొడవైన కారు ఇది. అమెరికాలో రైల్వేస్టేషన్ల నుండి ప్రయాణికులను, వారి సామానును చేరవేసే బండి గనుక దానికాపేరు వచ్చింది. ఇంగ్లండులో భూస్వాముల ఎస్టేటులలో వాడుకలోకి వచ్చి ‘ఎస్టేట్ కారు’ అయింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో అది మధ్యతరగతి సంసారానికి గుర్తుగా నిలిచింది. 1983లో వచ్చిన ‘నేషనల్ లాంపూన్స్ వెకేషన్’ చిత్రం ఒక కుటుంబం అట్టి బండిలో చేసిన సుదీర్ఘయాత్రను హాస్యభరితంగా చూపింది.

తెలుగునాట మధ్యతరగతి ప్రయాణం రైలులోనో, బస్సులోనో సాగింది. కారే అపురూపమైన ఆ రోజులలో వ్యాగన్ మరీ అరుదు. అంబాసిడర్‌కు ఎస్టేట్ రూపం ఉన్నప్పటికీ దానిని చూసినవారు తక్కువ. 1992లో టాటా సంస్థ ‘ఎస్టేట్’ అనే పేరుతోనే ఒక వ్యాగన్‌ను విడుదల చేసింది. కనుక పాత తెలుగు చిత్రంలో ఇటువంటి బండి క్షణమాత్రం కనిపించినా కొన్ని ప్రశ్నలు ఉదయిస్తాయి. అది కుటుంబానిదా, సంస్థదా? కథలో సంపదకు చిహ్నమా, వీథిలో యాదృచ్ఛికంగా ఎదురైనదా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే సమాజాన్ని పరిశీలించడం.

వాహనం కాలాన్నే గాక స్థలాన్ని కూడ సూచిస్తుంది. అంబాసిడర్ ముందరి జాలీ గళ్లగళ్లుగా ఉంటే అది 1960లలో వచ్చిన మార్క్ 2 కావచ్చు. నంబరు పలక మీది తొలి అక్షరాలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. 1950లలో తెలుగు చిత్రాలు ప్రధానంగా మద్రాసులో తయారయ్యేవి. కథ తెలుగు ఊరిదైనా తెరపై కనిపించే వీథి తరచు మద్రాసుదే. హైదరాబాదు అమీర్‌పేటలోని సారథి స్టూడియోలో నిర్మితమైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైన తరువాత క్రమంగా ఈ నగరపు దృశ్యాలూ తెరకెక్కాయి.

అయితే సినిమా సాక్ష్యాన్ని యథాతథంగా నమ్మరాదు. అద్దెకు తెచ్చిన ఒకే కారు అనేక చిత్రాలలో కనిపించవచ్చు. నంబరు పలక కల్పితం కావచ్చు. కాని కావ్యాలలోనూ అతిశయోక్తులున్నాయి గదా! వాటిని వడగట్టి సత్యాన్ని గ్రహించినట్లే చిత్రాలనూ పరిశీలించాలి.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లకు చేరువలోనే ఉన్న ఎర్రగడ్డలో ఆదివారం నాడు పాత సామాన్ల సంత జరుగుతుంది. ఒక తరం వాడి వదిలివేసిన వస్తువులు అక్కడ మరొకరి చేతికి చేరి, మరికొంత కాలం బ్రతుకుతాయి. పాతకార్లకు ఆ భాగ్యం తక్కువ. అధికభాగం తుక్కుగా మారిపోతాయి. ఏబది సంవత్సరాలు దాటి, అసలు రూపం చెడని వాహనాలను ‘వింటేజి’ వాహనాలుగా నమోదు చేసే నియమాలను కేంద్రప్రభుత్వం 2021లో తెచ్చింది. ఇది హర్షణీయమే. కాని 1992 నాటి ఎస్టేట్‌కు ఆ గౌరవం 2042 దాకా లభించదు. అంతవరకు ఎన్ని బండ్లు మిగులుతాయి?

2018లో విడుదలైన ‘మహానటి’ వంటి చిత్రాలు గతకాలాన్ని పునర్నిర్మించాయి. ఆ పనికి పాత చిత్రాలు ప్రమాణం, మిగిలిన వాహనాలు సాధనం. రెండూ నశిస్తే గతం కేవలం ఊహగా మిగులుతుంది. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్‌ను సైతం రేపటి తరం తెరమీదనే చూడవలసి రావచ్చు. పాత చిత్రాల ప్రతులను భద్రపరచడం, కొన్ని బండ్లనైనా తుక్కు కాకుండా కాపాడడం పరిశ్రమకు, ప్రభుత్వానికి కర్తవ్యం. నాయకుని వెనుక సాగే వీథిని సైతం శ్రద్ధగా చూడడం విద్యార్థుల వంతు.