ఎటు తిరిగినా 6174కే!

పిల్లల లెక్కల నోట్సు వెనక ఖాళీ పేజీ ఉంటే తీయండి. ఏదైనా నాలుగంకెల సంఖ్య రాయండి. 1947 అనుకుందాం. అందులోని అంకెల్ని పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేరిస్తే 9741, తిరగేస్తే 1479. పెద్దదాన్లోంచి చిన్నది తీసేస్తే 8262. దాన్నీ అలాగే చేస్తే 6354. తర్వాత 3087 (ఇక్కడ సున్నాను వదిలేయకుండా 0378 అని రాసుకోవాలి), 8352, ఆపైన 6174. ఇక బండి కదలదు! 7641లోంచి 1467 తీసేసినా మళ్లీ 6174నే. మీరు పుట్టిన సంవత్సరమైనా, స్కూటర్ నంబరైనా మహా అయితే ఏడు తీసివేతల్లో ఇక్కడికే చేరుతుంది. 9999 లాంటి ఫ్యాన్సీ నంబరు కొనుక్కున్నవారికి మాత్రం మిగిలేది సున్నా!

ఈ చోద్యాన్ని కనిపెట్టింది ఓ బడిపంతులు. పేరు దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో 1930 నుంచి 1962 దాకా పాఠాలు చెప్పారాయన. ఓ రకం సంఖ్యలకు ఆ ఊరి పేరే పెట్టుకున్నారు కూడా. 1949లో మద్రాసులో జరిగిన గణిత సదస్సులో 6174 సంగతి చెప్పారు. పీజీ పట్టా లేని పంతులు లెక్కల్ని మనవాళ్లు చాలామంది పిల్లలాట కిందే జమకట్టారు. ఆయన మాత్రం సొంత డబ్బుతో చిన్నచిన్న పుస్తకాలు అచ్చేయించుకుంటూనే ఉన్నారు. 1975లో మార్టిన్ గార్డనర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో రాశాక గానీ ప్రపంచం అటు చూడలేదు. అప్పటికి పంతులుగారికి డెబ్భై ఏళ్లు. 1986లో కన్నుమూశారు.

అన్నట్టు, మూడంకెల సంఖ్యతో మొదలెడితే 495 దగ్గర ఆగుతుంది. ఐదంకెలతో అయితే ఎక్కడా ఆగదు, కొన్ని సంఖ్యల మధ్యే గిరగిరా తిరుగుతుంటుంది.