చేపల తొట్టిలో బొగ్గు

ఇస్త్రీ పెట్టెలో వేసే బొగ్గూ నల్లనే, చేపల తొట్టి వడపోతలో వేసే బొగ్గూ నల్లనే. అంతమాత్రాన రెండూ ఒకటేననుకొని మొదటిదాన్ని దంచి తొట్టిలో పోయబోయే వారికి ముందుగా ఒక్క మాట: వద్దు. ఆ బొగ్గులో బూడిద, తారు మిగిలి ఉంటవి. నీరు బాగుపడడం అటుంచి పాడవుతుంది.

తొట్టికి కావలసినది దుకాణాల్లో 'యాక్టివేటెడ్ కార్బన్' అనే పేరుతో దొరుకుతుంది. కొబ్బరి చిప్పలనో, రాక్షసి బొగ్గునో, కట్టెనో గాలి తగలకుండా కాల్చి, ఆపైన 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో నీటి ఆవిరి పట్టిస్తారు. దానితో లోపలంతా కంటికి కనిపించని బిలాలు పడతవి. ఆ బిలాల గోడలన్నీ విప్పి పరచగలిగితే ఒక్క గ్రాము బొగ్గుకు సుమారు 1,000 చదరపు మీటర్ల జాగా తేలుతుంది. మన భువనగిరి లెక్కలో పది గుంటలు! పది గుంటల చెలక చిటికెడు బొగ్గులో ఇమిడి ఉన్నదంటే నమ్మబుద్ధి కాదు గాని, నిజం. నీటికి రంగూ వాసనా తెచ్చే పదార్థాలు ఆ గోడలకు అంటుకుపోతవి. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు అధిశోషణం. శోషణమంటే లోపలికి పీల్చుకోవడం. ముందు 'అధి' చేరేసరికి పైపైన పట్టుకోవడమైంది. ఒక్క ఉపసర్గతో ఇంత పని చేయించినవారెవరో గాని, వారికి నా నమస్కారం. 1785లోనే పీటర్స్‌బర్గులో లోవిట్జ్ అనే రసాయనవేత్త బొగ్గుకు ద్రావణాల రంగు విరిచే గుణమున్నదని గమనించాడు. 1918లో అమెరికాలో విషవాయువులను ఆపే ముసుగుల కోసమని గృహిణుల చేత పండ్ల టెంకలు కూడబెట్టించారు. ఆ టెంకలను ఇటువంటి బొగ్గుగానే మార్చారు.

ఇక కొనే సంగతి. కొబ్బరి చిప్పల బొగ్గు గట్టిది, పొడి తక్కువ రాలుతుంది. దాని బిలాలు మరీ సన్ననివి గనుక క్లోరిన్‌కూ, చిన్న వాసనలకూ మేలు. తొట్టిలో అందానికి పెట్టిన కట్టెమొద్దు వల్ల నీళ్ళు తేనీటి రంగుకు తిరిగితే మాత్రం, బిలాలు కొంచెం వెడల్పుగా ఉండే రాక్షసి బొగ్గు రకమే అనుకూలం. (బెట్టా చేపకు మంచిదని బాదం ఆకు వేసి, మరునాడే బొగ్గు పెట్టి ఆ సారమంతా తీసివేసేవారు కూడా ఉన్నారు. వారిని చేపే క్షమించాలి.) పలుకులు పెసరగింజంత ఉంటే చాలు. సంచీ మీద అయోడిన్ సంఖ్య వేసి ఉంటే 900కు తగ్గకుండా చూసుకోండి. ఏమీ వేసి లేకపోతే ఇంట్లోనే పరీక్షించవచ్చు. మంచి బొగ్గు నీళ్ళలో పడగానే సన్నగా బుసకొట్టి బుడగలు వదులుతుంది. బిలాల్లోని గాలి బయటికి వస్తున్నదన్నమాట. చేపల మందుగా అమ్మే మిథిలీన్ బ్లూ ఒక్క చుక్క గ్లాసు నీళ్ళలో కలిపి, కడిగిన బొగ్గు రెండు చెంచాలు వేసి తిప్పుతూ ఉండండి. కాసేపటికి నీలం విరిగిందా, సరుకు మంచిదే. తెల్లవారినా నీలంగానే ఉంటే దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.

'ఇది వేస్తే నీళ్ళలో విషమంతా పోతుందండీ' అని అమ్మేవాడు అంటాడు. అక్కడే చిక్కు. చేపల ప్రాణం తీసేది ముఖ్యంగా వాటి విసర్జనల నుంచి పుట్టే అమ్మోనియా. అది బొగ్గుకు చిక్కదు. దాని సంగతి చూసేవి వడపోత స్పాంజిలో కొన్ని వారాలకు స్థిరపడే సూక్ష్మజీవులు. అందుచేత బొగ్గు మార్చినప్పుడు స్పాంజిని కుళాయి కింద పెట్టి తోమకండి. తొట్టి నీళ్ళలోనే పిండి మళ్ళీ పెట్టండి. చేపకు మందు వేసేటప్పుడు బొగ్గు తీసివేయాలి, లేకపోతే మందంతా అదే మింగుతుంది. మూడు నాలుగు వారాలకు బిలాలు నిండిపోతవి. ఎండబెట్టినా, ఉడకబెట్టినా తిరిగి రావు.

ఈ సంగతి చేపల దగ్గరే ఆగితే ఇంత వ్రాయనక్కరలేదు. తొట్టిలో నీళ్ళు అద్దంలా తేరడం చూసి, వంటింట్లో బోరు నీళ్ళకు కూడా ఒక బొగ్గు గొట్టం బిగించి, పిల్లలకు ధైర్యంగా తాగించే ఇళ్ళున్నవి. మనది నల్లగొండ సీమ. 2016లో జిల్లా వేరయినంత మాత్రాన నేలలోని రాయి మారలేదు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, మామూలు బొగ్గు దాన్ని దాదాపు తాకదు. నీటిని కాచితే అది మరింత చిక్కనవుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనిన్నీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చుననిన్నీ మన దేశ ప్రమాణం. ఆపైన ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు గారపట్టడంతో మొదలై ఎముకల దాకా పోతుంది.

పూర్వం మన పల్లెల్లో కుండ లోపల చిల్లగింజ అరగదీస్తే బురద అడుగుకు దిగేది. 1970ల్లో నాగపూరు పరిశోధనా సంస్థ 'నీరి' వారు ఫ్లోరైడును కూడా ఇంచుమించు అలాగే దించే పద్ధతి రూపొందించారు: సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పొడి కలిపి తిప్పి, తెట్టెలు అడుగుకు చేరాక పై నీరు వంచుకోవడం. ప్రపంచమంతా దాన్ని 'నల్లగొండ పద్ధతి' అనే అంటున్నది. యాక్టివేటెడ్ అల్యూమినా కూడా ఫ్లోరైడును పడుతుంది. కార్బన్ పేరుకూ దీని పేరుకూ ముందుమాట ఒకటే గనుక కొనేటప్పుడు రెండవ మాట చదవండి. ఆర్వో యంత్రమూ చాలావరకు తీస్తుంది. ఏది బిగించే ముందైనా ఒక సీసా బోరు నీళ్ళు ప్రభుత్వ ప్రయోగశాలకు పంపి, ఫ్లోరైడు అంకె వ్రాయించుకొని రండి. అదే నీటిలో గప్పీ చేపలు హాయిగా తిరుగుతున్నవి గదా అనకండి. గప్పీకి ఉప్పునీరైనా, గట్టినీరైనా సరిపడుతుంది. దాని ఆయుష్షు రెండు మూడేళ్ళు.