ఇంటి ఆటే బడికి తొలి బాట

సాయంత్రం వేళ పలాస-కాశీబుగ్గలోనో, టెక్కలిలోనో వీధుల వెంట నడిస్తే నాలుగేళ్ల పసివారు పుస్తకాల సంచీలు మోస్తూ ట్యూషన్లకు వెళ్లడం కనిపిస్తుంది. పిల్లవాడు ఆడుకుంటానంటే “కాలం వృథా” అంటాము. ఏడవకుండా ఉండేందుకు మాత్రం చేతికి సెల్‌ఫోన్ ఇస్తాము. ఈ రెండూ పొరపాట్లేనని మేము భావిస్తున్నాము.

6 నుంచి 14 ఏళ్ల వయసు ముస్లిం పిల్లల్లో నలుగురిలో ఒకరు బడి ముఖమే చూడలేదని, లేదా మధ్యలో మానివేశారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. పేదరికం ఇందుకు పెద్ద కారణం, సందేహం లేదు. అయితే చదువంటే భయం అనే బీజం అంతకంటే ముందే, అర్థంకాని అక్షరాలను బలవంతంగా దిద్దించిన రోజుల్లోనే పడుతుందని మా అభిప్రాయం.

పసివారి ఆటను గౌరవించడం మనకు కొత్తగా ఎవరో నేర్పవలసినది కాదు. సజ్దాలో ఉండగా మనుమడు వీపుపైకి ఎక్కితే, వాడి ముచ్చట తీరేవరకు దైవప్రవక్త (స) సజ్దాను పొడిగించారు. అబూ ఉమైర్ అనే బాలుడు పెంచుకున్న చిన్న పిట్ట చనిపోతే, ఆ పిట్ట సంగతి అడిగి అతనిని పలకరించారు. పిల్లవాడి మనసు ఏ వస్తువుపై ఉందో దాని గురించే మాట్లాడడం విద్యలో మొదటి మెట్టు.

మన ప్రాంతంలో ఇందుకు కావలసిన సామగ్రికి కొదవ లేదు. జీడి కర్మాగారాల్లో పప్పును గ్రేడులుగా వేరుచేసే మన అక్కచెల్లెళ్లకు 240, 320 అనే అంకెలు సుపరిచితం. పౌను తూకానికి సుమారు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. ఇదే పనిని ఇంట్లో చింతపిక్కలతో ఆటగా చేయించవచ్చు: పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప, ఆపై లెక్క. పచ్చి జీడిపిక్కలను మాత్రం పసివారి చేతికి ఇవ్వరాదు. తొక్కలోని జీడి చర్మాన్ని కాల్చివేస్తుంది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు చింతపిక్కలూ వద్దు.

ఉద్దానంలో కొబ్బరిచిప్పతో ఇసుక కొలవడం, ఆకుతో బూర చేసి ఊదడం మన బాల్యంలో ఎవరూ పాఠమని చెప్పలేదు. అయినా అవి పాఠాలే. చలికాలంలో టెక్కలి సమీపాన తేలినీలాపురం వెళ్తే చెట్లపై గూడబాతులు, రంగురంగుల కొంగలు కనిపిస్తాయి. “దాని ముక్కు ఎందుకు అంత పొడవు?” అని పిల్లవాడు అడిగితే వెంటనే జవాబు చెప్పకుండా “నీకేమనిపిస్తుంది?” అని అడగండి. రంజాన్ నెలవంకను వెతికే సాయంత్రం ఖగోళ పాఠం. బక్రీద్ నాడు ఖుర్బానీ మాంసాన్ని మూడు సమాన భాగాలు చేయడం గణిత పాఠం, దానితోపాటు ధర్మ పాఠం కూడా.

“రోజంతా పనిచేసి వచ్చే తల్లికి తీరిక ఎక్కడిది?” అనే ప్రశ్న న్యాయమైనదే. ప్రత్యేక సమయం అవసరం లేదు. వంట చేస్తూ మాట్లాడినా చాలు. నానీ, దాదీ చెప్పే కథలు ఉన్నాయి. తండ్రులకూ ఈ బాధ్యత నుంచి మినహాయింపు లేదు.

అయితే ఇంటి ప్రయత్నాన్ని చూపి ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోరాదు. ఇంట్లో “పత్తా” అనే పిల్లవాడు అంగన్‌వాడీలో “ఆకు” అనలేక మౌనంగా కూర్చుంటే వాడిని మందబుద్ధి అనుకోవడం అన్యాయం. మనం ఇంట్లో రెండు మాటలూ కలిపి నేర్పుదాం. అక్కడ కూడా రెండు మాటలకూ చోటు ఉండాలని కోరుదాం. ఆరేళ్లలోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని 2002 సవరణ తరువాత రాజ్యాంగం 45వ అధికరణ చెబుతున్నది. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించి 350-ఎ అధికరణ ఉన్నది. 2020 జాతీయ విద్యా విధానం పసివారికి ఆటపాటల బోధననే సూచించింది. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించింది. కనుక ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్న వీధుల్లో ఆ భాష తెలిసిన కార్యకర్త లేదా ఆయా ఉండాలని కోరడం యాచన కాదు. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, పిల్లల సంఖ్య పేర్కొనండి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగినది ఏ ఫైలులోనూ ఉండదు.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒక్కటే. వారానికి ఒక సాయంత్రం ఆవరణలో పసివారికి ఆటకు చోటివ్వండి, తల్లిదండ్రులనూ పిలవండి. పిల్లలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. నవ్వుతూ నేర్చుకున్నవాడు బడిని వదలడని మా నమ్మకం.