సైంధవుడి సద్దిమూట

మన భాషలో అడ్డుపడేవాడికి మంచి పేరు లేదు. కుదిరిన సంబంధం చెడగొట్టిన మేనమామ సైంధవుడు. ఫైలు కదలనివ్వని గుమాస్తా సైంధవుడు. సినిమాకి బయలుదేరుతుంటే ఊడిపడ్డ చుట్టం కూడా సైంధవుడే. పాపం, ఆ సింధుదేశపు రాజు చేసిన పనల్లా ఒక్క రోజు పద్మవ్యూహం వాకిట నిలబడి నలుగురు పాండవులను లోపలికి పోనీయకపోవడం. లోపల చిక్కిన అభిమన్యుడికి కీర్తి దక్కింది. మర్నాడు ప్రతిజ్ఞ చెల్లించుకున్న అర్జునుడికీ దక్కింది. వాకిలి కాసినవాడి పేరు తిట్టుగా మిగిలింది. అధర్మపక్షాన నిలిచాడు గనక తిట్టు తిన్నాడు, సరే. కాని ఆ తిట్టు కాస్తా అడ్డుకోవడమనే విద్యకే అంటుకుపోయింది. అదే నాకు బాధ.

ఆ విద్యనే నమ్ముకుని, ముప్పైమూడేళ్లు ఒకే ఊళ్లో గౌరవంగా ఉద్యోగం చేసిన ఒక పెద్దమనిషి ఉన్నాడు. పేరు బడ్ ఫాస్టర్. ఊరు అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు కొండల నడుమ ఉన్న బ్లాక్స్‌బర్గ్. ఉద్యోగం వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో. చాలాకాలం ఆ జట్టు రక్షణ దళానికి ఆయనే గురువు.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. వాళ్ల ఫుట్‌బాల్‌కీ మన ఫుట్‌బాల్‌కీ చుట్టరికం పేరులోనే. బంతి ఇంచుమించు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని కాలితో తన్నడం తక్కువ, చంకన పెట్టుకుని పరుగెత్తడమో, చేత్తో విసరడమో ఎక్కువ. ఇటు పదకొండుగురు, అటు పదకొండుగురు. మైదానం నిడివి నూరు గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి అవతలివారి పరం. మన చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ని పట్టుకోవడం లాంటిదే అనుకోండి, కాని ఇక్కడ కూతకు వచ్చేది పదకొండుగురు! ఇంకొక విశేషం, దాడి చేసే పదకొండుగురు వేరు, కాసే పదకొండుగురు వేరు. బంతి చేతులు మారగానే మైదానంలో మనుషులూ మారిపోతారు. ఎవరి గురువు వారికి ఉంటాడు. అందరి మీదా ప్రధాన శిక్షకుడు ఉంటాడు.

రక్షణ గురువు వారమంతా అవతలి జట్టు పాత ఆటల చిత్రాలు తిప్పి తిప్పి చూస్తాడు. మూడు గజాలు మిగిలినప్పుడు వీళ్లు పరుగెత్తుతారా, బంతి విసురుతారా? విసిరేముందు ఎవడు ఎక్కడ నిలబడతాడు? ఇవన్నీ కంఠస్థం చేసి, శనివారం ఆట మొదలయ్యాక ప్రతి ప్రయత్నానికీ ముందు క్షణాల్లో ఊహించి, తన పిల్లలకు సైగ అందేట్టు చూడాలి. ఊహ ఫలించిందా, ఏమీ జరగదు. తప్పిందా, అరవై వేలమంది కళ్లముందు తప్పుతుంది.

ఏమీ జరగకపోవడమే ఆయన విజయం! ఈ విద్యలో ఉన్న చిక్కంతా అదే. పొయ్యి మీద పొంగిపోయిన పాలను ఇల్లంతా చూస్తుంది. పొంగకుండా దింపిన చేతిని ఎవరు చూస్తారు?

ఈ ఉద్యోగానికి మెట్లున్నాయి. మొదట సహాయకుడుగా చేరాలి, తర్వాత ఒక వరుస ఆటగాళ్లకు గురువు కావాలి, ఆపైన దళమంతటికీ పెద్ద కావాలి, ఆఖరున ప్రధాన శిక్షకుడు. మెట్టు ఎక్కాలంటే తరచు ఊరు మారాలి. పైవాడి ఉద్యోగం ఊడితే కిందివాళ్లు కూడా సాధారణంగా మూటాముల్లె సర్దుకోవలసిందే. బదిలీల మీద బతికిన రైల్వే కుటుంబాలకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో 2012 నుంచి పదేళ్లు రక్షణ దళాన్ని నడిపిన బ్రెంట్ వెనబుల్స్ 2021 డిసెంబరులో ఓక్లహోమాకు ప్రధాన శిక్షకుడుగా వెళ్లాడు. లోకం మెచ్చే దారి అది.

ఫాస్టర్ దారి వేరు. కెంటకీ రాష్ట్రంలోని మర్రే స్టేట్‌లో ఆయన ఆటగాడుగా ఉన్నప్పుడు అక్కడ రక్షణ గురువు ఫ్రాంక్ బీమర్. 1981లో బీమర్ ప్రధాన శిక్షకుడు అయితే, శిష్యుడు ఆయన కిందనే కొలువు మొదలుపెట్టాడు. 1987లో బీమర్ వర్జీనియా టెక్‌కు వస్తే వెంట వచ్చాడు. 1992లో ఆ జట్టు పదకొండు ఆటలాడి రెండంటే రెండే గెలిచింది. గురుశిష్యులు ఆ గండం గడిచి బయటపడ్డారు. 1995లో రక్షణ భారం ఫాస్టర్‌కూ, రాడ్ షార్ప్‌లెస్ అనే సహచరుడికీ ఉమ్మడిగా అప్పగించారు.

ఆ ఏడే ఒక పాత రేకుడబ్బా కూడా వచ్చింది. షార్ప్‌లెస్ అత్తగారు సంపాదించి ఇచ్చారు. ఒక బొగ్గుగని పనివాడు మధ్యాహ్నం తిండి పెట్టుకుని తీసుకెళ్లిన డబ్బా అది. మన సద్దిమూటకు అన్నగారన్నమాట. బ్లాక్స్‌బర్గ్‌కు పడమట కొండలన్నీ బొగ్గుగనుల సీమ. అక్కడి పిల్లలకు ఆ డబ్బా అర్థం విప్పి చెప్పనక్కరలేదు. పొద్దున్నే పనికి పో, ఒళ్లు వంచు, సాయంత్రం తలెత్తుకుని ఇంటికి రా. రక్షణ దళం సాధించవలసిన లక్ష్యాలు రాసి ఆ డబ్బాలో పెట్టారు. ప్రతి ఆటకూ ఒక ఆటగాడు దాన్ని మైదానానికి మోసుకు వచ్చేవాడు. పెద్దల మాట సద్దిమూట అంటాం మనం. వాళ్లు ఆ మాటను మూటలోనే పెట్టుకున్నారు!

డబ్బా వచ్చాక అన్నీ విజయాలే అనుకోకండి. 1999లో రాష్ట్రాలు దాటి పేరు మోగేట్టు వరసగా పదకొండు ఆటలు గెలిచారు. తీరా 2000 జనవరి 4న, దేశపు అగ్రస్థానం తేల్చే ఆటలో, ఫ్లోరిడా స్టేట్‌ను ఆపలేకపోయారు. 46–29 తేడాతో ఓడారు. 2006లో మాత్రం ఆటకు సగటున 11 పాయింట్లే ఇచ్చి దేశంలో మొదట నిలిచారు. ఆ ఏడు ఉత్తమ సహాయ శిక్షకుడికిచ్చే బ్రాయిల్స్ బహుమతి ఫాస్టర్‌కు దక్కింది.

మరుసటి ఏడు, 2007 ఏప్రిల్ 16న, ఆ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తుపాకీతో 32 మందిని పొట్టన పెట్టుకున్నాడు. పోయినవారిలో మన దేశం నుంచి వెళ్లిన ఆచార్యుడొకరు, విద్యార్థిని ఒకరు కూడా ఉన్నారు. సెప్టెంబరులో ఆటలు మళ్లీ మొదలైనప్పుడు ఆ రేకుడబ్బాలో 32 పేర్లు ఉన్నాయి. కొన్నిటిని ఏ కాపలా ఆపలేదు. ఆపలేకపోయినదాన్ని మరిచిపోకుండా మోయడం కూడా కాపలాదారు ధర్మమే కాబోలు.

ఏళ్లు గడిచాయి. ప్రధాన శిక్షకుల పదవులు ఖాళీ అయినప్పుడల్లా పత్రికలు ఫాస్టర్ పేరు తలిచేవి. ఆ కుర్చీ మాత్రం ఆయనకు రాలేదు. 2015లో బీమర్ విరమించాడు. కొత్తగా వచ్చినవారు పాత కొలువంతా మార్చడం అక్కడి ఆనవాయితీ. వచ్చిన జస్టిన్ ఫ్యుయెంటే మాత్రం ఫాస్టర్‌ను ఉంచుకున్నాడు. 2019 ఆగస్టులో, ఇదే నా ఆఖరి ఏడు అని ఫాస్టర్ ప్రకటించాడు.

ఆ ఆఖరి ఏడు సెప్టెంబరులో సొంత మైదానంలోనే డ్యూక్ జట్టు 45–10తో చిత్తు చేసింది. ముసలాయన పని అయిపోయిందని అనుకునేవారు అనుకునే ఉంటారు. నవంబరు 16న జార్జియా టెక్‌పై 45–0. వారం తిరిగి, సొంత ఊళ్లో ఆయన చివరి ఆట. పిట్స్‌బర్గ్‌పై 28–0. దాడి చేసేవాడికి సున్న అవమానం. కాసేవాడికి అదే పూర్ణకుంభం. ఆ తర్వాత డిసెంబరు 31న కొలువు మొత్తానికీ కడపటి ఆటలో, ఆఖరి నిమిషంలో కెంటకీ జట్టు దాటిపోయింది. 37–30. కథ రాసేవాడైతే ముగింపు సున్న దగ్గరే ఆపేవాడు. బతుకు అలా ఆపదు.

ఆ దేశంలో కళాశాల ఫుట్‌బాల్‌కు ఒక కీర్తిమందిరం ఉంది. బీమర్ పేరు 2018లో అందులో చేరింది. శిక్షకుడుగా అక్కడ చోటు కావాలంటే కనీసం పదేళ్లు, నూరు ఆటలు ప్రధాన శిక్షకుడుగా చేసి ఉండాలి. ఇరవై అయిదేళ్లు వాకిలి కాసినవాడికి ఆ మందిరానికి వాకిలి లేదు.

మా అధ్యాపకుల లోకమూ ఇంతే. ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ని చుట్టాలు అడిగే మొదటి మాట, “ఇంకా ప్రిన్సిపాలు కాలేదా?” అనే. పాఠం ఎలా సాగుతోందని అడిగేవారు అరుదు. పై మెట్టు ఎక్కనివాడు ఓడిపోయినట్టు లెక్క వేయడం మనకు అలవాటైపోయింది. తనకు వచ్చిన పనిని తన మెట్టు మీదనే పండించుకున్నవాణ్ని ఏ లెక్కలో వేయాలో మనకింకా తెలియదు.

మన ఇళ్లలో కూడా ఇలాంటివారు ఒకరిద్దరు ఉంటారు. అప్పు గడప తొక్కనీయని ఇల్లాలు, కుర్రవాడి తప్పటడుగును మొదట్లోనే పట్టి ఆపే బామ్మ. వాళ్లు ఆపిన ఆపదలకు జమాఖర్చు పుస్తకం లేదు. ఈసారి ఎవరినైనా సైంధవుడని విసుక్కోబోయేముందు, ఆ మనిషి ఏ వాకిలి కాస్తున్నారో ఒక్కసారి చూడండి.